పాచి పట్టు

(ఎల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతిలో గూడూరులో చేసిన ఉపన్యాసం)

గోడవారన నిలబడిన కాలేజీ పిల్లలూ, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. పళ్ల మీద ఉపన్యాసం అనగానే మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపించారు. ఎవరి నోరూ తెరిపించి చూడబోను, భయపడకండి. నేను పళ్ల డాక్టరుని కాను. సూక్ష్మజీవుల పాఠం చెప్పుకుని బతికినవాణ్ణి.

ఈ సాయంత్రం ఎల్లాప్రగడ సుబ్బారావుగారిది. ఆయన మన జిల్లావారు కారు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషను మూడోసారికి గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన పిల్లలెవరైనా ఇక్కడుంటే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. గోదావరి జిల్లాల నుంచి మద్రాసు చదువులకు పోయే రైలు అప్పుడూ మన గూడూరు జంక్షన్ మీదుగానే పోయేది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆయనకు ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. అన్నదమ్ములిద్దరు రోజుల తేడాలో సంగ్రహణితో పోయారు. 1923లో అమెరికా వెళ్లి, అక్కడే పనిచేసి, 1948 ఆగస్టులో కన్నుమూశారు. అప్పటికి యాభైమూడేళ్లు.

ఆయన చేసిన పనుల్లో మూడు ఇవాళ నాకు కావాలి. ఒకటి, 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలవటానికి కనిపెట్టిన పద్ధతి. రెండు, జీవకణం శక్తిని ఖర్చుపెట్టే నాణెం లాంటి ఏటీపీ. 1929లో వీళ్లిద్దరూ, విడిగా జర్మనీలో లోమన్, దాన్ని వెలికితీశారు. మూడు, లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనశాల నుంచి 1948లో బయటికొచ్చిన ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. ఈ మూడూ పంటి మీది పాచి దగ్గర కలుస్తాయి. అందులో మూడోది అక్కడ ఓడిపోతుంది కూడా. ఎందుకు ఓడిపోతుందన్నదే నా ఉపన్యాసం. పాచిలో క్రిములున్నాయని అందరికీ తెలుసు. క్రిములున్నందువల్ల కాక, అవి పట్టుకుని ఉన్నందువల్ల అది పాచి అయిందని నేను చెప్పదలచుకున్నాను.

1. మొదటి పూత మనదే

సైదాపురం, కలిచేడు, తలుపూరు పేర్లు చెబితే మన పెద్దవాళ్లకు మైకా గనులు గుర్తొస్తాయి. మైకా బిళ్లను అంచున కత్తిమొనతో విడదీసి రేకు లేపితే, లోపల కొత్తగా గాలి తగిలిన ముఖం ఎంత నునుపుగా ఉంటుందో చేత్తో చీల్చినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆ నునుపు అణువుల స్థాయి దాకా నిజం. మన కంటికి అద్దం నునుపే గాని, దాన్ని ఆ స్థాయిలో చూస్తే ఎగుడుదిగుడు. మైకా అలా కాదు. అందుకే ప్రోటీన్లు ఒక గట్టి ముఖానికి ఎలా అంటుకుంటాయో చూడాలనుకున్న శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా మైకా రేకును వాడతారు.

అప్పుడే చీల్చిన రేకును లాలాజలంలో ముంచి, తీసి, శుభ్రమైన నీళ్లతో కడగండి. కంటికి ఏ తేడా కనపడదు. అణుబల సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ నునుపు పోయి ఉంటుంది. ముఖమంతా ప్రోటీన్ల గుబ్బలు పరుచుకుని ఉంటాయి. కడిగినా పోని పూత.

పంటి మీదా జరిగేది ఇదే. డాక్టరు పన్ను గీకి, పాలిష్ పట్టి, మీ చేతికి అద్దం ఇచ్చి చూసుకోమంటారు చూడండి, ఆ చూసుకునే లోపే పూత మొదలవుతుంది. పంటి పైపెంకు, అంటే ఎనామిల్, తూకంలో నూటికి తొంభై అయిదు వంతులకు పైగా ఖనిజం. అందులో కాల్షియం ఉంది, ఫాస్ఫేట్ ఉంది. లాలాజలంలో ఈ రెంటినీ పట్టుకునే స్వభావం ఉన్న ప్రోటీన్లున్నాయి. స్టాథెరిన్ ఒకటి, ప్రొలీన్ మెండుగా ఉండే ప్రోటీన్లు మరికొన్ని, జిగటనిచ్చే మ్యూసిన్లు, గంజిని విరిచే అమైలేజ్. ఇవన్నీ క్షణాల్లో వచ్చి కూర్చుంటాయి. గంట రెండు గంటల్లో పూత చిక్కబడుతుంది. అప్పుడు కూడా మందం మైక్రానుకు లోపే, అంటే తలవెంట్రుకలో డెబ్భయ్యో వంతు కూడా ఉండదు.

ఈ పూత శత్రువేమీ కాదు. అది లేకపోతే పన్నూ పన్నూ ఒరుసుకుని అరిగిపోతాయి, పులుపు నేరుగా తగులుతుంది. పంటిని కాపాడటానికి మన ఒళ్లు వేసుకున్న పూత అది. చిక్కేమిటంటే, క్రిమికి మెట్టు కూడా అదే అయింది. పుట్టి బుద్ధెరిగాక శుద్ధమైన ఎనామిల్‌ను మన నోట్లోని ఏ క్రిమీ దాదాపుగా ముట్టుకుని ఎరగదు. ముట్టుకున్నదంతా మన లాలాజలపు పూతనే.

2. వచ్చినవాళ్లలో నిలిచేదెవరు

రోజుకు అరలీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. ఊరిందంతా మింగేస్తాం. అందులో తేలే క్రిమి ఏదైనా సరే, పట్టు దొరక్కపోతే కాసేపట్లో కడుపులోకి పోతుంది. కాబట్టి నోట్లో కాపురం ఉండాలంటే మొదటి అర్హత పట్టుకోవటం. బుగ్గలోపలి చర్మాన్నీ నాలుకనూ పట్టుకోవచ్చు గాని, ఆ పైపొరలు ఎప్పటికప్పుడు రాలిపోతూ ఉంటాయి, పట్టుకున్న క్రిమి వాటితో పాటే పోతుంది. మన ఒంట్లో బయటికి కనిపిస్తూ, పొర రాల్చకుండా ఏళ్ల తరబడి అలాగే ఉండే గట్టి చోటు పన్ను ఒక్కటే. పళ్లు రాని పసిపిల్ల నోటికీ పళ్లొచ్చిన పిల్ల నోటికీ క్రిముల రకాల్లో అంత తేడా రావటానికి ఇదొక ముఖ్య కారణం.

పట్టుకోవటమూ తేలిక కాదు. క్రిమి పైపొరకూ పూతకూ రెంటికీ రుణావేశమే ఎక్కువ. దగ్గరికొస్తే వికర్షణ. లాలాజలంలోని లవణాలు ఆ వికర్షణను కొంత కప్పేస్తాయి. కొన్ని నానోమీటర్ల దూరంలోకి వచ్చాక బలహీనమైన ఆకర్షణ ఒకటి పనిచేస్తుంది. ఇక్కడి దాకా పట్టు వదులే, నీళ్లు పుక్కిలిస్తే పోతుంది. ఆ తర్వాత క్రిమి ఒంటి మీది నూగు లాంటి ప్రోటీన్ తీగలు పూతలోని నిర్దిష్టమైన అణువుల్ని వెతికి పట్టుకుంటాయి. అప్పుడిక పుక్కిలింతకు లొంగదు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది, ఒక్క నిమిషం దాని దగ్గర ఆగుతాను. లాలాజలంలో తేలే ప్రొలీన్ ప్రోటీన్‌ను ఈ క్రిములు పెద్దగా పట్టించుకోవు. అదే ప్రోటీన్ పంటి మీద కూర్చున్నాక మాత్రం గట్టిగా పట్టుకుంటాయి. కూర్చున్నప్పుడు ప్రోటీన్ మడత కొంచెం విప్పుకుని, లోపల దాగిన భాగం బయటపడుతుంది. క్రిమికి కావలసింది ఆ భాగమే. దీన్ని అమెరికాలో గిబ్బన్స్ అనే ఆయన, ఆయన సహచరులు 1980ల్లో చూపించారు. తేలేదాన్ని పట్టుకుని ఉంటే ఆ క్రిమి ప్రోటీన్‌తో సహా కడుపులోకి పోయేది. ఏది తేలుతోందో ఏది నిలిచిందో తేడా పట్టగలిగింది గనుకనే బతికింది. కన్నూ లేదు, బుర్రా లేదు, చూడండి!

ముందుగా వచ్చేవి ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ జాతివి. శాంగ్వినిస్, ఒరాలిస్, మైటిస్, గార్డొనై అని పేర్లు. పేర్లు గుర్తుండక్కర్లేదు, పరీక్ష పెట్టను. ఇవి ప్రాణవాయువును వాడేసుకుంటాయి. దాంతో లోపలి పొరల్లో గాలి గిట్టనివాటికి చోటు ఏర్పడుతుంది. ఫ్యూసోబాక్టీరియం అనే పొడుగాటి క్రిమి ముందొచ్చినవాటినీ పట్టుకుంటుంది, వెనకొచ్చేవాటినీ పట్టుకుంటుంది. పన్నును పట్టుకోలేనివి పన్నును పట్టుకున్నవాళ్లను పట్టుకుంటాయి. 2016లో జెస్సికా మార్క్ వెల్ష్ బృందం ఒక్కో జాతికి ఒక్కో రంగు తగిలించి పాచిని ఫొటో తీస్తే, మధ్యలో పుల్లల్లాంటి కొరినెబాక్టీరియం, వాటి కొసల చుట్టూ గుండ్రటివి గింజల్లా పేర్చుకుని, ఎవరి చోట వాళ్లు కనిపించారు.

మాట వరసకు అడుగుతున్నాను, నాలుకను కింది ముందరిపళ్ల వెనక్కి పోనిచ్చి తడమండి. ఎవరూ చూడరులెండి. మధ్యాహ్నం భోంచేసి ఇక్కడికొచ్చిన మనందరికీ అక్కడ కొంచెం గరుకుగా, కొంచెం జిగటగా తగులుతుంది. ఆ జిగటలోనే ఈ వ్యవహారమంతా నడుస్తోంది.

3. చక్కెర రెండు పనులు చేస్తుంది

పంచదార పళ్లకు చెరుపని చిన్నపిల్లలకూ తెలుసు. ఎందుకని అడిగితే పుచ్చిపోతాయి గనుక అంటారు. అది రెండో పని. మొదటి పని జిగురు తయారీ.

1924లో లండన్‌లో క్లార్క్ అనే వైద్యుడు పుచ్చుపళ్లలో ఒక స్ట్రెప్టోకాకస్‌ను వేరుచేసి మ్యూటాన్స్ అని పేరు పెట్టాడు. మొదట్లో పంటిని పట్టుకోవటంలో ఇది శాంగ్వినిస్ ముందు నిలవలేదు. కానీ పంచదార దొరికితే దాని రాత మారిపోతుంది. పంచదార అణువులో గ్లూకోజూ ఫ్రక్టోజూ జంటగా ఉంటాయి. మ్యూటాన్స్ బయటికి వదిలే ఒక ఎంజైము ఆ జంటను విడదీసి, గ్లూకోజులను గొలుసుగా కట్టి, నీళ్లలో కరగని బంకను తయారుచేస్తుంది. ఏ గొలుసు కట్టాలన్నా జీవకణానికి సాధారణంగా శక్తి ఖర్చవుతుంది, సుబ్బారావుగారి ఏటీపీ చెల్లించుకోవాలి. ఇక్కడ ఆ ఖర్చు లేదు. పంచదార జంట మధ్య బంధంలో ఉన్న శక్తే గొలుసు కట్టటానికి సరిపోతుంది. అందుకే ఈ బంకకు పంచదారే కావాలి. ఇడ్లీలో గంజి ఉంది, పాలల్లో లాక్టోజు ఉంది, ఆ రెంటి నుంచీ ఆమ్లం రావచ్చు గాని, ఈ బంక రాదు. నెల్లూరు మలైకాజా పళ్ల సందున ఇరుక్కుందంటే మాత్రం ముడిసరుకు అంతా అక్కడే ఉన్నట్టు. మలైకాజా మానమని నేననను. నెల్లూరు సీమలో ఆ మాట అని ఇంటికి క్షేమంగా వెళ్లగలనా?

రెండో పని ఆమ్లం. క్రిమి చక్కెరను నమిలి లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. తన లోపల ఆమ్లం పేరుకోకుండా ఏటీపీ ఖర్చుపెట్టి దాన్ని బయటికి తోస్తుంది. బయట ఉన్నది పన్ను. 1940ల్లో స్టెఫాన్ అనే అమెరికన్ గ్లూకోజు నీళ్లు పుక్కిలింపజేసి, పాచిలో పీహెచ్ ఎలా మారుతుందో కొలిచాడు. నిమిషాల్లో దాదాపు 5.5 కిందికి పడిపోయింది. మళ్లీ పైకి రావటానికి అరగంట, ఒక్కోసారి గంట. ఆ 5.5 గీత కింద ఎనామిల్ కరుగుతుంది. పైకి వచ్చాక లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి పంటిలోకి చేరతాయి. అలా రోజంతా పన్ను కరగటం, పూడటం జరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఎంత తీపి తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. భోజనంలో ఒకేసారి తిన్న నాలుగు లడ్ల కన్నా, పొద్దుటి నుంచి గంటకోసారి టీ కొట్టు దగ్గర తాగిన అరకప్పు తీపి టీ పంటికి ఎక్కువ చేటు.

ఎంత కరిగిందో తెలుసుకోవటమెలా? కరిగిన ద్రవంలో ఫాస్ఫేట్ ఎంతుందో చూడాలి. మాలిబ్డేట్ కలిపి, క్షయకరణం చేసి, వచ్చిన నీలిరంగు ఎంత చిక్కగా ఉందో కొలవాలి. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అదే. రక్తంలో, మూత్రంలో భాస్వరం చూడటానికి 1925లో కనిపెట్టింది. పన్ను కరుగుదలను చూసేవాళ్లకూ ఆ నీలిరంగే అక్కరకొచ్చింది.

4. మందు ఎందుకు చాలదు

హాలెండులో డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ 1683లో తన పళ్ల సందుల్లోని తెల్లటి పాచిని తీసి, సొంతంగా చేసుకున్న సూక్ష్మదర్శినితో చూసి, కదిలే జీవాలున్నాయని లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయన రోజూ ఉప్పుతో పళ్లు తోముకునే మనిషి. ఈ కథ అందరూ చెబుతారు. ఆయన చేసిన రెండో పని ఎక్కువమంది చెప్పరు. పాచిని తీసి వెనిగర్‌లో కలిపితే జీవాలు చచ్చాయి. అదే వెనిగర్‌ను నోట్లో పోసుకుని పుక్కిలించి, తర్వాత పాచి తీసి చూస్తే లోపలివి బతికే ఉన్నాయి. వెనిగర్ పైపైనే ఆగిపోయిందని ఆయన అప్పుడే తేల్చాడు.

ఆ పరిశీలనను తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా ఎవరూ పెద్దగా ఎత్తుకోలేదు. క్రిమిని సీసాలో తేలుతూ పెంచి, మందు వేసి, చచ్చిందా లేదా చూడటమే పద్ధతి అయింది. ఆరియోమైసిన్ లాంటి మందుల ఘనత అక్కడిదే. టైఫస్ లాంటి జ్వరాల్లో అది ప్రాణాలు నిలిపింది. అదే మందు పాచి ముందు నీరసపడుతుంది. జిగురు కొంత అడ్డుపడుతుంది. లోపలి పొరల్లో తిండి, గాలి తక్కువై క్రిములు నెమ్మదిగా పెరుగుతుంటాయి, పెరిగేవాటి మీద పనిచేసే మందు నిదానించినవాటి మీద పనిచెయ్యదు. పైగా ఒకదాని దగ్గరున్న నిరోధక జన్యువు పక్కదానికి అందుతుంది. తేలే క్రిమికి చాలిన మోతాదు పట్టుకున్న క్రిమికి ఎన్నో రెట్లు పెంచినా చాలకపోవచ్చు.

టెట్రాసైక్లిన్‌కు ఇంకో గుణముందని సుబ్బారావుగారు పోయాక తెలిసింది. అది కాల్షియాన్ని పట్టుకుంటుంది. పన్ను తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇస్తే పంటిలోనే కూర్చుని పసుపు, బూడిద చారలు మిగులుస్తుంది. వాళ్లలో చాలామందిని పళ్లు సరిగ్గా తోముకోరని ఇంట్లోవాళ్లే తిట్టి ఉంటారు.

క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత కొంత మెరుగు. అది ఎందుకు మెరుగో కూడా నా వాదానికి సాక్ష్యమే. ధనావేశమున్న అణువు గనుక పూతను అది తానే పట్టుకుని గంటల తరబడి మెల్లగా వదులుతుంది. ఎక్కువకాలం వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, రుచి మారుతుంది. డాక్టరు చెప్పినన్నాళ్లే వాడాలి.

అసలు అన్నిటినీ చంపాలని కోరుకోవటమే తెలివితక్కువ. ముందొచ్చిన శాంగ్వినిస్, గార్డొనై హైడ్రోజన్ పెరాక్సైడ్ వదిలి మ్యూటాన్స్‌ను అదుపులో పెడతాయి. కొన్ని ఆర్జినిన్‌ను విరిచి అమ్మోనియా చేసి పులుపును విరుస్తాయి. అందరినీ ఊడ్చేస్తే తిరిగి ముందుగా ఎవరొస్తారో మన చేతిలో లేదు.

5. నెల్లూరు నీళ్ల మాట

నెల్లూరు సీమలో పళ్ల గురించి మాట్లాడి ఫ్లోరైడ్ ఊసెత్తకపోతే తప్పు. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్‌ను గురించి ప్రచురించిన పరిశోధన నెల్లూరు జిల్లాదే. మన దేశంలో ఆ జబ్బు మొదట తేలింది ఇక్కడ. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరులోవే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక అటు పోయాయి.

నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పంటి మీద వచ్చే ఆ గోధుమరంగు మచ్చ పాచి కాదు, గార కాదు. పన్ను తయారయ్యేటప్పుడే పైపెంకులో పడ్డ లోపం. తోమి పోగొట్టాలని ఇటుకపొడి పెట్టి రుద్దుకున్నవాళ్లు పైపెంకును అరగదీసుకున్నారంతే. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా ఉంటే మంచిది, వేరే నీరు దొరక్కపోతే ఒకటిన్నర దాకా మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి. పంటి పైన పూసి ఉమ్మేసే పేస్టులోని ఫ్లోరైడ్ సంగతి వేరు. అది పన్ను కరగటాన్ని తగ్గిస్తుంది, పూడటాన్ని పెంచుతుంది. పాచి పట్టును మాత్రం పెద్దగా సడలించదు. ఫ్లోరైడ్ పేస్టు వేలితో పూసుకుని ఉమ్మేస్తే సగం పనే అయినట్టు.

6. రుద్దటం, గీయించటం

మిగిలిన సగం రుద్దటం. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే ఆయన, ఆయన సహచరులు చిగుళ్లు బాగున్న 12 మందిని పళ్లు తోముకోవటం మానెయ్యమన్నారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమటం మొదలుపెడితే వారం పది రోజుల్లో తగ్గాయి. ఏ మందూ వాడలేదు. తోమటం వల్ల క్రిములన్నీ చచ్చిపోవు. వాటి పట్టు తెగి, అమరిక చెదిరిపోతుంది. మళ్లీ మొదటి నుంచి పేర్చుకు రావటానికి వాటికి టైము పడుతుంది, ఆ టైములోపు మనం మళ్లీ తోముతాం.

వేపపుల్ల, కానుగపుల్ల మంచివా అని ప్రతిచోటా అడుగుతారు. మంచివే. మేలులో పెద్దభాగం వేప చేదుది కాదు, నమిలి కుంచె చేసిన పీచుది. కాకపోతే పుల్ల ముందరిపళ్ల మీద తిరిగినంత చలాకీగా దవడపళ్ల లోపలి వైపు తిరగదు. రెండు పళ్ల సందుల్లోకి పుల్లా పోదు, బ్రష్షూ పోదు, దారం పోతుంది. పేస్టులో రుద్దేపొడి చాలావాటిలో సిలికా. మన చిల్లకూరు, కోట వైపు తవ్వే ఇసుకలో ఉండే పదార్థమే, రసాయనికంగా మెత్తబరిచింది. రాత్రి తోమటం పొద్దుట తోమటం కన్నా ముఖ్యం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పులుపును కడిగేవాడు ఉండడు. మనవాళ్లు పొద్దున పాచిమొహంతో కాఫీ తాగినవాణ్ణి తిడతారు గాని, రాత్రి పాయసం తిని అలాగే పడుకున్నవాణ్ణి ఏమీ అనరు.

కదిలించకుండా వదిలేసిన పాచిలోకి లాలాజలంలోని కాల్షియం ఫాస్ఫేట్ చేరి గట్టిపడితే గార. లాలాజల గ్రంథులు తెరుచుకునే చోట్ల, అంటే కింది ముందరిపళ్ల వెనక, పై దవడపళ్ల బయటి వైపు ఎక్కువ కడుతుంది. గూడూరు నిమ్మకాయల ఊరు గనుక ఒక మాట. నిమ్మచెక్కకు ఉప్పద్ది గార మీద రుద్దితే పోతుందని చెప్పేవాళ్లున్నారు. గారా కాల్షియం ఫాస్ఫేటే, పన్నూ కాల్షియం ఫాస్ఫేటే. గారను కరిగించే పులుపు పంటిని వదిలిపెట్టదు. నిమ్మకాయ పప్పులోకి, పచ్చడిలోకి.

గారను డాక్టరు గీయాల్సిందే. గీయిస్తే పళ్లు కదిలిపోతాయని భయపడేవాళ్లు ఈ హాల్లోనూ ఉంటారు. గీయించాక పన్ను కదిలినట్టు అనిపించటం అబద్ధం కాదు. జరిగిందేమిటంటే, గార కింద ఏళ్ల తరబడి చిగురు జారి, ఎముక తగ్గిపోయింది. పక్కపక్క పళ్లను గార గోడలా బిగించి ఉంచటంతో ఆ వదులు తెలియలేదు. గోడ తీసేసరికి బయటపడింది. వదులైంది గీసిన రోజున కాదు, పదేళ్ల క్రితం మొదలైంది. గీయించాక చిగురు వాపు తీసి మళ్లీ పంటికి బిగుస్తుంది, కొంత కదలిక తగ్గుతుంది. పోయిన ఎముక మాత్రం చాలావరకు తిరిగి రాదు. అందుకని కదలకముందే వెళ్లండి. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని తోమటం మానినవాళ్లు ముందుగా వెళ్లండి. రక్తం వచ్చేది తోమినందుకు కాదు, అక్కడ పాచి మిగిలినందుకు.

ప్రశ్నలుంటే అడగండి. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు గాని, ఆయనకూ ఒక ప్రశ్న ఉందని మొహం చెబుతోంది.